అసెంబ్లీలో మడిగెల మాట

బల్లలు చరిచే చప్పుడు వినిపిస్తే నాకు ఇప్పటికీ చెవులు నిక్కుతాయి. నిన్న మధ్యాహ్నం దుకాణంలో మా అబ్బాయి టీవీ పెట్టాడు. శాసనసభ సమావేశాలు. ఎవరో ఏదో అన్నారు, వెనక బెంచీల నుంచి దబదబమని మోత. ఆ మనిషి మాట పూర్తికాక ముందే మోత మొదలైంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నేను శబ్దం తగ్గించమన్నాను. తగ్గించాక, ఆ వెనక బెంచీల్లో ఒక మనిషిని వెతుక్కున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన కూర్చున్న బెంచీ కూడా ఉందో లేదో తెలియదు. అయినా వెతుక్కున్నాను.

ముత్తెన్న పటేలు బోధన్ దగ్గర ఒక పల్లెలో చెరుకు రైతు. తెలుగు ప్రాంతాలు రెండూ ఒకే రాష్ట్రమైన తర్వాత, అరవైల్లో, మా వైపు నుంచి శాసనసభకు వెళ్లాడు. పొడుగు మనిషి, తలకు రుమాలు, నడుస్తుంటే చేతులు వెనక కట్టుకునేవాడు. మాట పొదుపు. మంత్రి కాలేదు, కావాలని అడిగినట్టు కూడా ఎవరూ వినలేదు. మా బజారులో ఆయనకు ‘ఔ పటేలు’ అని పేరు. సభలో ఏదైనా బిల్లు ఓటుకు వచ్చినప్పుడు ఒప్పుకున్నవాళ్లు ‘అవును’ అనాలట. ఈయన మన ఇంటి మాటలో ‘ఔ’ అనేవాడట. పార్టీ దేనికి ఒప్పుకోమంటే దానికి ఒప్పుకున్నాడని, అన్నేళ్లలో ఆయన చేసిన ఉపన్యాసం ఆ ఒక్క అక్షరమేనని మంగలి దుకాణంలో నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుల్లో నా గొంతే పెద్దది. “మనం పంపింది ఎమ్మెల్యేను గాదు, ఊకొట్టేటోన్ని” అని నేనన్న మాట బజారంతా తిరిగింది. నా దుకాణంలో సరుకు అంత వేగంగా కదిలి ఉంటే ఈపాటికి నిజామాబాదులో బంగళా కట్టేవాణ్ని.

మాది షావుకార్ల ఇల్లు. పుట్టగానే ఏడవడానికి బదులు మంత్రసానిని ధర అడిగానని మా అవ్వ ఎగతాళి చేసేది. బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకుబండ్ల దారి పక్కన వరుసగా మడిగెలుండేవి. మా వైపు మడిగె అంటే దుకాణం గది. ముందు అరుగు, పైన పెంకులు. అందులో ఒకటి మాది. పగ్గాలు, మోకులు, బండి కందెన, లాంతర్లు, బీడీలు, ఇలా బండ్లవాళ్లకు కావలసినవన్నీ అమ్మేవాళ్లం. మడిగె వెనక గదుల్లోనే మా కాపురం. సీజన్ వచ్చిందంటే బండ్లు దారి పొడుగునా ఆగిపోయేవి. ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకునే చోటు లేదు. బండ్లు ఆగితేనే మాకు బేరం. అంటే ఆ దారి ఇరుకే మా బతుకుతెరువు. ఈ సంగతి పైకి అనేంత తెలివితక్కువవాడు మాలో ఎవడూ లేడు.

ఒక ఏడు రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టింది. వెనకాలే కొలతలవాళ్లు వచ్చి ఎర్రరంగు గుర్తులు పెట్టి పోయారు. మా గుర్తు అరుగు మీద పడలేదు. లోపల, తరాజు వేలాడే దూలం మీద పడింది. అంటే మడిగె మొత్తం పోతుంది, దాంతోపాటు ఇల్లూ కూలుతుంది. బాపు అప్పటికే పక్షవాతంతో మంచాన ఉన్నాడు. వెనక గదిలోంచి, “ఏందిర గా సప్పుడు?” అని అడిగాడు. “ఏం లేదు బాపూ, దూలానికి రంగేస్తున్నరు” అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

బేరం నాకే బాగా వస్తుందని మడిగెలవాళ్లందరూ కలిసి నన్ను ముత్తెన్న దగ్గరికి తోశారు. వెళ్లేసరికి ఆయన చెరుకు తోటలో పార పట్టుకొని నీళ్లు మలుపుతున్నాడు. నేను నా పద్ధతిలో ముందు సరుకు చూపించాను.

“పటేలా, ఈసారి ఎలక్షన్ల మా మడిగెలోల్ల ఓట్లన్ని గంపగుత్తగ నీకే.”

ఆయన పార మీద ఆనుకొని నిలబడ్డాడు. “ఎన్నడన్న నాకేసిన్రా సేటూ మీరు?”

“ఏసినోల్లు లేకపోలేదు పటేలా...”

“లేని సరుకు అమ్మకు. నన్ను ఊకొట్టేటోడన్నవట గద, మంగలి కాడ?”

“ఎవలో గిట్టనోల్లు చెప్పిండ్రు నీకు.”

“గిట్టనోడివి నువ్వే గదనే!” అని పెద్దగా నవ్వాడు. నాకు కాళ్ల కింది బురద చల్లగా తగిలింది. “సరే గని, రోడ్డు గావాల్నా వద్దా? గది జెప్పు. బండ్లు కట్టేటోల్లు ఊర్లకు ఊర్లు. మీరు పిడికెడు మంది. రోడ్డు వద్దని నేనడుగ.”

“మరి మా మడిగెలు?”

“మడిగెల సంగతి అడుగుత. వచ్చే నెల సభ ఉన్నది. నువ్వు గూడ రా. ఊకొట్టుడు ఎట్లుంటదో సూసి పోదువు.”

హైదరాబాదులో ఎమ్మెల్యేల క్వార్టర్స్‌లో ఆయన గది చూసి నాకు కొంచెం నిరాశ కలిగింది. సోఫాలు, నౌకర్లు ఉంటారనుకున్నాను. ఒక మంచం, ఒక స్టవ్వు, ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నపిండి డబ్బా. సాయంత్రం ఆయనే రొట్టెలు చేశాడు. నేను ఉల్లిగడ్డ కోస్తూ, ఎన్నాళ్లుగానో నోట్లో తిరుగుతున్న ప్రశ్న అడిగేశాను.

“పటేలా, నచ్చకున్న గూడ ఔ అంటవా?”

“పార్టీ పేరు మీద గెలిచిన. ఓటు పార్టీది” అన్నాడు రొట్టె తిరగేస్తూ. “ప్రశ్న నాది. అడుగుమని ఎవ్వడు చెప్పడు, అడుగద్దని ఎవ్వడు అనడు. పొద్దున మొదటి గంట అంత ప్రశ్నలే. గప్పుడు సూడు, బెంచీలు సగం ఖాళి ఉంటయ్.”

“ఎన్నడు కాదనలేదా మరి?”

“ఒకపారి దగ్గొచ్చింది.”

“దగ్గా?”

“ఔ అనాల్సిన టయానికే వచ్చింది. చెరుకు రైతుకు పడని బిల్లు అది. తెల్లారి పార్టీ పెద్దమనిషి పిలిచి, ‘ముత్తెన్నా, నీ గొంతు వినవడలేదేంది’ అన్నడు. దగ్గొచ్చిందన్న. మిరియాల కషాయం పంపిండు, పాపం.”

“మరి బిల్లు?”

“పాసయింది. నా దగ్గుకు ఆగుతదా?”

ఆ రొట్టెలు తింటూ ఒక్కొక్కటే బయటికి లాగాను. వాగు మీద వంతెన, దవాఖానకు లేడీ డాక్టరు, బస్సు మా చివరి పల్లె దాకా రావడం. ఇవన్నీ వాటంతట అవే జరిగాయనుకున్నాను. ఒక్కొక్క దాని వెనక ఆయన ఖాళీ బెంచీల మధ్య లేచి అడిగిన ఒక్క వాక్యం ఉంది. ఓటు సంగతి ఊరంతా తెలుస్తుంది. ప్రశ్న సంగతి ఎవరికీ తెలియదు. ఆయన చెప్పుకోడు. మేం ఎక్కణ్నుంచి తెలుసుకోవాలి?

మరుసటి ఉదయం నేను పై అంతస్తులో చూడవచ్చినవాళ్ల వరుసలో కూర్చున్నాను. ముత్తెన్న వంతు వచ్చింది. బోధన్ రోడ్డు వెడల్పు చేస్తున్న మాట నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాడు మంత్రి. ఆయన కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు.

“అధ్యక్షా, గా రోడ్డు పొంటి ఉన్న మడిగెలు పోతయా, ఉంటయా?”

మంత్రి చిరునవ్వు నవ్వాడు. “గౌరవ సభ్యులు ఆందోళన పడనక్కర్లేదండి. ఒక్క మడి కూడా పోదు. ఈ సభలో హామీ ఇస్తున్నాను. అవసరమైతే కాలువ మళ్లించైనా సరే నీరందిస్తాం.”

బల్లలు మోగాయి. నేను చప్పట్లు కొట్టబోతే పక్కన నిలబడ్డ జవాను కళ్లతోనే ఆపాడు. నీళ్ల మాట ఎందుకొచ్చిందో నాకు అప్పుడే అనుమానం తగిలింది. కానీ ధర కుదిరాక సరుకు గురించి ఆరా తీయడం మా వంశంలో లేదు. కూర్చో పటేలా, కూర్చో అని మనసులోనే మొక్కాను. ఆయన కూర్చోలేదు. అధ్యక్షుడు తర్వాతి ప్రశ్న పిలుస్తున్నా నిలబడే ఉన్నాడు.

“అధ్యక్షా, మంత్రిగారు మళ్లన్నరు. నేను మడిగెలన్న. మళ్లల్ల వరి పండుతది. మడిగెలంటె మా దిక్కు దుకాండ్లు.”

సభ గొల్లుమంది. “దుకాణాలా! అయితే వాటికి నీళ్లెందుకండీ?” అన్నాడు మంత్రి. ఇంకా నవ్వారు. చేతిలో పడ్డ సొమ్మును లెక్క తప్పిందంటూ తిరిగి ఇచ్చేసే మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను, అదీ నా సొమ్మును.

ముత్తెన్న నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా చేతులు వెనక కట్టుకొని నిలబడి, అప్పుడు అన్నాడు: “మా తాన చెరుకు బండ్లకు రోడ్డు గావాలె. ఎనకట్నుంచి బతుకుతున్నోల్లకు మడిగె గావాలె. రోడ్డుకు ఎదురుంగ సర్కారు పడావు జాగ ఖాళీగ ఉన్నది. అటు దిక్కు పెంచితే రెండు బతుకుతయ్. సూడుమంటున్న, గంతే.” ఆయన సభలో చేసిన పెద్ద ఉపన్యాసం అదే అయి ఉంటుంది.

మంత్రి వెనకనున్న అధికారితో ఏదో మాట్లాడాడు. “ఇంజనీరును పంపి ఆ స్థలం చూపిస్తాం. తేలేదాకా ఒక్క... ఏమన్నారండీ, ఆ... ఒక్క మడిగె కూడా ముట్టుకోరు.” ఈసారి బల్లలు ఎవరూ చరచలేదు. తర్వాతి ప్రశ్నకు పోయారు.

బయట మెట్ల మీద నేను ఆయన్ని పట్టుకున్నాను. “గిదేం పని పటేలా! ఒక్కటి గూడ పోదని ఒట్టేసినట్టే అన్నడు గద. సప్పుడు జెయ్యక కూసుంటె ఏం పోతుండె?”

“ఆయన ఒట్టేసింది మళ్లకు.”

“దేనికైతేంది! మాట మాటనే గద!”

ముత్తెన్న ఆగి, రుమాలు సర్దుకున్నాడు. “సేటూ, రేపు గడ్డపారలు పట్టుకొని మనుషులొస్తరు. మంత్రి వద్దన్నడంటవు నువ్వు. మంత్రి మళ్ల గురించి అన్నడు, నీ మడి ఏదని అడుగుతడు ఆఫీసరు. అప్పుడేం జేస్తవ్? మడిగెల నాట్లేస్తవా?”

బస్సులో కామారెడ్డి దాకా ఆ నాట్ల మాటే నెమరేశాను. ఊరికి తిరిగివచ్చాక మడిగెలవాళ్లు చుట్టూ మూగి ఏమైందని అడిగితే, “మాట వడ్డది” అని మాత్రం అన్నాను. ఏ మాటో, ఎంత గట్టిదో నాకే తెలియదు. దూలం మీద ఎర్రగుర్తు అలాగే ఉంది. దాని కింద తూస్తుంటే నా చూపు తరాజు ముల్లు మీద కాక ఆ గుర్తు మీదే ఉండేది. అన్నాళ్లూ కొనేవాళ్లకు మొగ్గు ఎక్కువే పడి ఉంటుంది.

సీజన్ మొదలవక ముందే ఇంజనీరు వచ్చాడు. గుంటూరు వైపు యాస. జీపు దిగి మా వరుసను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. నా అరుగు ముందు ఆగి, “మడిగెలంటే ఇవేనాండీ?” అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినగానే అరుగు మీంచి లేచి నిలబడ్డాను. దుకాణాలు అనలేదు, షాపులు అనలేదు. ముత్తెన్న ఎక్కడో వెనక బెంచీలో నిలబడి పలికిన పలుకు, మంత్రి దగ్గర తడబడి, ఆఫీసులన్నీ తిరిగి, అక్షరం చెడకుండా నా అరుగు దాకా వచ్చింది. “ఇవే సార్, ఇవే మడిగెలు” అన్నాను. చదువు వచ్చిందని పంతులుకు చూపించే పిల్లవాడిలా రెండుసార్లు అన్నాను.

ఆయన రోడ్డు దాటి ఎదుటి పడావు జాగలోకి వెళ్లాడు. గొలుసు పరిచి కొలిపించాడు. మధ్యాహ్నానికల్లా కూలీలు సున్నం గీత పోశారు, రోడ్డుకు అవతల. ఆ తెల్లటి గీతను చూసి మడిగెలవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పక్క మడిగె దర్జీ మెషిన్ దగ్గరికి పోయి, గుడ్డ పెట్టకుండానే కాసేపు తొక్కాడు.

నేను వెనక గదిలోకి పరుగెత్తాను. “బాపూ, మడిగె ఉంటది!”

బాపు కళ్లు తెరిచాడు. “పోతదని ఎవడన్నడుర?”

మంచం పట్టె మీద కూర్చొని నవ్వాను. నవ్వుతుంటే కళ్ల నీళ్లు కారాయి. అవి తుడుచుకుంటూ మళ్లీ నవ్వాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు బాపు. ఆ పూట ఒక బండాయన మోకు ధర సగానికి అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. దాంట్లో ఏదో లోపముందని అనుమానించి ఆయన కొనకుండానే పోయాడు.

తర్వాతి ఎలక్షన్లో మా వరుస వరుసంతా ముత్తెన్నకే వేసింది. ఆయన ఓడిపోయాడు. మేం నిజంగానే పిడికెడు మందిమి. డెబ్బైల్లో బోధన్ వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చొని చాయ్ తాగిపోయేవాడు. “సభ యాదికొస్తదా పటేలా?” అంటే, “కుర్సి మెత్తగుంటుండె” అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. ఆయన పోయిన రోజున నేను మడిగె మూసి, ఆ పల్లెకు నడిచే వెళ్లాను.

నేను మారిపోయానని చెప్పను. ఇప్పటికీ ఎదుటివాడు పది అంటే నా నోట ముందు నాలుగే వస్తుంది. కానీ వాడు ‘సరే’ అన్నాక, చెయ్యి కలిపే ముందు, “దేనికి సరే అన్నవో ఒక్కపారి నువ్వు జెప్పు” అని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. కొన్నిసార్లు, మేమిద్దరం అంతసేపూ వేర్వేరు సరుకుల గురించి మాట్లాడుకున్నామని తేలుతుంది. బేరం చెడుతుంది. మా అబ్బాయి తల పట్టుకుంటాడు: “ఒప్పుకున్నడు గద నాన్నా, మల్ల ఎందుకు కెలుకుతవ్?” వచ్చినవాడు నిట్టూర్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు. నేను అదే మడిగెలో, తరాజు పక్కన, నిమ్మళంగా వింటూ కూర్చుంటాను.