ఎనిమిది రబ్బరు సీళ్ళు

ఆ రోజుల్లో బోగోలు చుట్టుపక్కల ఎస్సెల్సీ ప్యాసైనవాడు దేనికైనా పనికొస్తాడని జనం అనుకునేవారు. జనం సంగతెందుకు, నేనే అనుకునేవాణ్ణి. చదువురాని మా మేనమామంటే నాకెంత చులకనో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎండుచేపల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి పాత కారు కొన్న మనిషి, కాగితం కనిపిస్తే మాత్రం గుట్టుచప్పుడు కాకుండా బొటనవేలు సిరాలో అద్దేవాడు. ('వేలిముద్ర జమీందారు' అని చాటుగా పేరు పెట్టింది నేనే. ఏం తెలివి, ఏం తెలివి!)

ఆ కారు స్టార్టు చేస్తే నీలం పొగ వీధంతా కమ్మేది. నా ప్రాణమంతా దాని డ్రైవరు సీటు మీదే. మామ ఒకటే మాటన్నాడు. "పొగ ఆపినావంటే బండి నువ్వే తోలుకో. ఆపలేకపోతే కావలి నుంచి డ్రైవర్ని పెట్టుకుంటా."

"వాల్వుల కాడ రబ్బరు సీళ్ళు అరిగిపోయినాయి మామా. ఆయిలు లోపలికి దిగి కాలతా ఉంది. ఇంటికాడే మార్చేస్తా," అన్నాను. కావలి మెకానిక్కు షెడ్డులో బల్ల మీద కూర్చుని నాలుగు రోజులు టీ తాగిన అనుభవం మరి.

నెల్లూరు నుంచి తెచ్చిపెట్టమని బస్సు కండక్టరుకు చీటీ ఇచ్చాను. 'రబ్బరు సీళ్ళు ఎనిమిది.' ఎవరికో తెలియాలి గనక కింద మామ పేరు, ఊరు, గుండ్రటి అక్షరాల్లో. కారుకని రాయలేదు. ఆమాత్రం తెలియదా!

సరుకు వచ్చేదాకా ఆగితే నేనెలా అవుతాను? ఇంటి ముందే ఇంజను మూత విప్పాను. వాల్వులు లోపలికి జారకుండా ప్లగ్గుల బొక్కల్లోంచి వలతాడు కూరి (ఇదొక్కటీ తెలిసి చేసిన పని, దయచేసి గమనించండి) స్ప్రింగులన్నీ పీకాను. పాత రబ్బరు రింగులు ఎండి పెళుసెక్కి, ముట్టుకుంటే ముక్కలయ్యాయి. వెనక్కి పెట్టే దారి కూడా పోయింది.

"అన్నీ పీకి నా చేటలో పోసినావు. మళ్ళా బిగించడం వచ్చంట్రా అబ్బయా?" అంది అత్త.

"నీకు తెలీదులే అత్తా," అన్నాను.

మూడో రోజు పొట్లం వచ్చింది. పదిమందిని పోగుచేసి మరీ విప్పాను. లోపల కొయ్యపిడులున్న రబ్బరు ముద్రలు, ఎనిమిది! ఎనిమిదింటి మీదా మామ పేరు, ఊరు. ఆఫీసుల్లో కాగితాల మీద గుద్దేదాన్ని కూడా సీలనే అంటారు కదా, కండక్టరు తిన్నగా అవి చేసేవాడి దగ్గరికే పోయాడు. అతనిది తప్పెలా అవుతుంది?

"వీటిని ఇంజన్లో యాడ పెడతావురా?" అంది అత్త. జనం పగలబడి నవ్వారు. నా డ్రైవరు ఉద్యోగం అక్కడికక్కడే గంగలో కలిసింది.

మామ కొడతాడనుకున్నాను. ఆయన ఒక ముద్ర తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దీని మీద ఏముందిరా?"

"నీ పేరు మామా."

సిరా తెప్పించి తెల్లగోడ మీద ఒత్తాడు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "చదువు," అన్నాడు. చదివాను. "ఇంకోసారి చదువబ్బయా." మళ్ళీ చదివాను. అప్పటికి నవ్వేవాళ్ళంతా గోడ దగ్గరికి చేరారు.

కావలి డ్రైవరు అసలు సీళ్ళు తెచ్చి ఒక్క పూటలో బిగించి, దర్జాగా సీట్లో కూర్చున్నాడు. నేను అరుగు మీద ముఖం మాడ్చుకుని కూర్చుంటే మామ పలకా బలపం పట్టుకుని పక్కన చేరాడు. "ఆ గోడ మీది పేరు నా చేత్తో రాయాలిరా," అన్నాడు, ఎవరూ వినకుండా. నేను ఆయన చెయ్యి పట్టుకుని గబగబా దిద్దించబోయాను.

"మెల్లిగారా, నేనేమన్నా ఇంజన్నా?" అన్నాడు.

ఆనాటి ఆ పొగరుబోతు (నేనేలెండి) తలవంచుకుని, మెల్లిగా మొదటి అక్షరం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, ఆ ఒక్క సాయంత్రం తలుచుకుంటే మాత్రం వాడు నాకు ముద్దొస్తాడు.