తాళంకప్పగారి ఎర్ర బొబ్బర్లు

కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ అందరూ అతన్ని తాళంకప్ప అనే పిలిచేవారు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు. పొరుగింటావిడ నిప్పు అడగడానికి వస్తోందని తెలిస్తే మండే పొయ్యిలో నీళ్ళు చల్లేవాడట. అంత ఘనుడు!

అతనికున్న ఆస్తల్లా తల్లి కాపాడి ఇచ్చిన ఎర్ర బొబ్బర్లే. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా ఆ తీగ కాసేది. కొట్లో విత్తనాలు దొరకడం మొదలయ్యాక మిగతావాళ్ళంతా పాత గింజ వదిలేశారు. అది మిగిలింది ఇతని దగ్గరా, పక్క ఊళ్ళో చెల్లెలి దగ్గరా. భార్య బతికున్నన్నాళ్ళూ ఏటా గింజల్ని డాబా మీద ఎండబెట్టి, జల్లించి, వేపాకు కలిపి డ్రమ్ములో పోసేది. దారినపోయేవాళ్ళకి పిడికెడు పెట్టబోతే ఇతను చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

ఆమె పోయిన ఏడు చెల్లెలు వచ్చింది. వరదకి చేనూ పోయింది, దాచుకున్న విత్తనమూ కుళ్ళిపోయింది.

"అన్నయ్యా, అమ్మ గింజ ఒక్క డబ్బాడు పెట్టు. పండగానే రెండింతలు తెచ్చిస్తా."

డ్రమ్ము నిండుగా ఉంది. అయినా ప్రాణం ఒప్పలేదు. భార్య కోళ్ళకని పక్కన పెట్టిన పుచ్చు గింజలు సంచిలో ఉంటే, అవే డబ్బాతో కొలిచి పోశాడు. చెల్లెలు ఒక గింజ తీసి కంటి దగ్గర పెట్టుకుంది. గుండ్రటి బెజ్జం.

"ఇవి మొలుస్తాయా అన్నయ్యా?"

"రాసుంటే మొలుస్తాయి. ఊరికే వచ్చినవాటికి వంకలొకటా?"

ఆమె మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు తాళంకప్ప చేను విరగకాసింది. గింజ నున్నగా మెరిసిపోతోంది. చేలో ఉండగానే పురుగు కాయ మీద గుడ్లు పెట్టిందనీ, పిల్లపురుగు గింజలోకి దూరి కూర్చుందనీ పైకి ఎలా తెలుస్తుంది? నాలుగు ఎండలు తగిలితే చచ్చేవి. కానీ ఎండబెట్టాలంటే డాబా మీద పోయాలి, పోస్తే నలుగురి కళ్ళూ పడతాయి, చెల్లెలి చెవినా పడుతుంది. ఎందుకొచ్చిన తంటా అని తలుపులు మూసుకుని అలాగే డ్రమ్ములో పోసి, మూత బిగించి, పైన రాయి పెట్టాడు మహానుభావుడు! వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ డ్రమ్మును నిమిరేవాడు గానీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

తొలకరి పడ్డాక తెరిచాడు. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అంతా పొడి. పురుగులు చేతి మీదుగా భుజం దాకా పాకాయి. చాటతో చెరిగాడు, జల్లెడ పట్టాడు, నీళ్ళలో పోశాడు. అన్నీ తేలాయి. మునిగిన గింజ ఒక్కటీ లేదు. తాళంకప్ప కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. భార్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే అదే డబ్బాకి మూత పెట్టుకుని చెల్లెలి ఇంటికి నడిచాడు. పుచ్చులే అయినా నాలుగు మొలిచే ఉంటాయి, దాని చెయ్యి మంచిదని ఆశ.

గుమ్మంలోంచే డబ్బా చూసి చెల్లెలి ముఖం వెలిగిపోయింది.

"తెచ్చావా అన్నయ్యా! ఎప్పటికైనా నీ మనసు కరుగుతుందని నాకు తెలుసు. నువ్విచ్చినవి ఒక్కటీ మొలవలేదు. చేను బీడుపెట్టి కూలికి పోతున్నా." గబగబా చాట తెచ్చి, దులిపి, అతని ముందు పట్టింది. "ఇందులో పోసెయ్."

అతను డబ్బాని వెనక్కి లాక్కోబోయాడు. ఆమే మూత లాగింది.

"పురుగు పట్టిందమ్మా... డ్రమ్ము మొత్తం పోయింది. నీ దగ్గరేమైనా ఉన్నాయేమోనని వచ్చా."

ఆమె ఖాళీ డబ్బాని చాటలో బోర్లించి తట్టింది. తర్వాత నవ్వింది. గుమ్మానికి ఆనుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"డ్రమ్ముడు పురుగులకి పెట్టావు. తోడబుట్టినదానికి డబ్బాడు పెట్టలేకపోయావా?"

చాట లోపల పడేసి, తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

"జరుగు. ఎవరి చేలోనో విత్తనాలు వేసే పనుంది. ఆలస్యమైతే పనిలోకి రానివ్వరు."