తోడికోడలి మాత్ర

రాయగడలో మాది ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి కిరాణా కొట్టు. మా పెద్ద తోడికోడలికి కొలెస్ట్రాల్ మాత్ర మొదలైన రోజు నుంచి నూనె లేని కూర ఆమెకే, మధ్యాహ్నం కునుకూ ఆమెకే. నాకు ఒళ్ళు మండిపోయేది. నాకూ కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు అదే మాత్ర రాసినప్పుడు లోలోపల సంబరపడ్డాను.

కొన్నాళ్ళకే కొట్లో బెల్లం తూస్తూ కడుపునొప్పితో కూలిపోయాను. "క్లోమం వాచింది. ఈ మాత్రతో ఇలా అవడం చాలా అరుదు" అంటూ ఆసుపత్రిలో డాక్టరు దాన్ని ఆపేశారు.

నేను తేరుకున్నాక తోడికోడలు చూడ్డానికి వచ్చింది. "ఏటే అమ్మీ, అదే మాత్ర నానూ ఏసుకుంతన్నాను. నాకేటీ అవనేదు!" అంది కినుకగా. ఆమె కళ్ళు మాత్రం నాకు జావ తాగిస్తున్న మా ఆయన చేతి మీదే ఉన్నాయి. మా బావగారు ఆమెకి మంచినీళ్ళైనా అందించి ఎరగరు.

నాకు జావ సయించడం లేదు. అయినా ఇంకో చెంచా అడిగాను.