పళ్లకు మంచిదన్న చక్కెర

ఆరేళ్ల మనవరాలికి కింది దవడలో రెండు పళ్లు పుచ్చిపోయాయి. మేడ్చల్‌లోని పళ్ల డాక్టరమ్మ వాటిని శుభ్రం చేసి పూడ్చింది. నోట్లో ఉండే పురుగులు చక్కెర తిని పులుపు వదులుతాయని, ఆ పులుపే పన్నును కొరికేస్తుందని నాకు అర్థమయ్యేలా చెప్పింది. తీపి లేకుండా ఉండనని పాప మారాం చేస్తుంటే, జైలిటాల్ అనే చక్కెర కొద్దిగా వాడుకోమంది. అది తియ్యగానే ఉంటుంది, ఆ పురుగులకు మాత్రం తిండి కాదట.

కోడలు డబ్బా కొనుక్కొచ్చింది. బడి లేని ఒక రోజు దానితో సేమియా పాయసం వండాను. పాప చిన్న కప్పుడు తిని పడుకుంది. గిన్నెలో ఇంకా మిగిలింది. పారెయ్యడానికి నాకు చేతులు రావు. గేటు ముందు పడుకునే నల్లకుక్కకు పెట్టాను. మా ఇంట్లో గిన్నె అడుగు ఎప్పుడూ దానిదే.

గంట కాలేదు, కుక్క కక్కుకుంది. లేవబోతే వెనక కాళ్లు వంకర్లు పోయి పడిపోయింది.

పాప తిన్నదీ ఆ గిన్నెలోదే.

లోపలికి ఉరికి పాపను కుదిపి లేపాను.

"నిద్రొస్తాంది అవ్వా..."

"నిద్ర తర్వాత. గా గోడ దాక నడువు. సక్కగ నడువు!"

నడిచింది. మళ్లీ నడిపించాను. నాలుక చూశాను, నుదురు తడిమాను.

"ఫస్టొస్తే ఏమిస్తవ్?" అంది పాప.

"నోర్మూసుకొని నడువు."

కోడలు అప్పటికే డాక్టరమ్మకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. "పాపకేం కాదమ్మా. మనుషులు ఎక్కువ తింటే కడుపు కదులుతుంది, అంతే. కానీ కుక్కలకు అది విషం. ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి."

"గా మాట ముందే చెప్పొద్దా?" అని గద్దించాను.

"మీ ఇంట్లో కుక్క ఉందా అని ఆ రోజే అడిగాను. మీరే లేదన్నారు."

నిజమే. కుక్క గేటు బయటిది కదా, మాది అనుకోలేదు.

శామీర్‌పేట పశువుల దవాఖానకు ఆటో పిలిచాను.

"కుక్కనా? సీటు ఖరాబైతది అవ్వా."

"నా పాత సీర పరుస్త. జల్దీ పోనియ్యి."

అక్కడ సూది గుచ్చి సీసా తగిలించారు. కోడలు ఆ సీసా మీది అక్షరాలు చదివి, "అత్తమ్మా, దీనికి గ్లూకోజ్ ఎక్కిస్తుండ్రు. పోరికి వద్దన్నదే దీనికి మందు" అంది. నాకు నవ్వు రాలేదు. ఈ విషం కుక్క కాలేయాన్నీ దెబ్బతీస్తుందని, అది చెడిందో లేదో రెండు రోజులు గడిస్తే గానీ తెలియదన్నాడు డాక్టరు.

ఆ రెండు రోజులూ కుక్కను వాకిట్లో కట్టేసి చూసుకున్నాను. పాప పక్కకు తిరిగినా ఉలిక్కిపడ్డాను. డాక్టరమ్మ మాట చెవికెక్కింది గానీ గుండె వినలేదు. మూడో రోజు కుక్క లేచి నీళ్లు తాగింది.

డబ్బా ఇంకా ఉంది, పై అరలో. పాప పళ్లు నిలవాలి కదా. పాయసం మాత్రం కప్పుతో కొలిచి వండుతాను. అయినా అడుగున కొంత అంటుకుంటుంది. దాన్ని నీళ్లతో కడిగి, పెరట్లో గుంట తవ్వి పోసి, మట్టి కప్పి, పైన రాయి పెడతాను. తిండిని మట్టిపాలు చెయ్యడం నా బతుకులో ఇదే మొదలు.