అందులో ఏటేటి కలిసినాయి?

లోకంలో ఎవరు ఏ ధర చెప్పినా సత్యానందం గారి నోట వచ్చే ప్రశ్న ఒక్కటే. "అందులో ఏటేటి కలిసినాయి?" బొబ్బిలి బజార్లో కొబ్బరిబోండాం నలభై అంటే, స్ట్రా కలిసిందా, లోపలి లేతకొబ్బరి గీరి ఇవ్వడం కలిసిందా అని తేల్చుకున్నాక గాని ఆయన దాహం తీర్చుకోరు. రక్షణ ఉచితమని పాస్టరు గారు ప్రసంగిస్తే, ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో ఆయన్నీ పట్టుకున్నారు. "మరేటండీ, పునరుత్థానం అందులోనే కలిసిందా, విడిగానా?"

వినేవాళ్ళకి నవ్వు. మరదలు లీలారాణికి మాత్రం ఒళ్ళు మంట. ఆమె భర్త రాబర్టు ఈయనకి సొంత తమ్ముడు. పొడుగంతా తమ్ముడికి, ప్రశ్నలన్నీ అన్నకి పంచిపెట్టినట్టు ఉండేవాళ్ళు ఇద్దరూ. రాబర్టు జబల్‌పూర్‌లో ఉద్యోగం చేస్తూ గుండె ఆగి పోయాడు. సమాధి రాయి చెక్కేవాడి దగ్గర కూడా ఈయన "అక్షరాలు కలిసినాయా?" అని అడిగారు. పేరు లేని రాయి ఎవరైనా పెట్టుకుంటారా? ఆ మాట లీలారాణి మర్చిపోలేదు.

రాబర్టు కారు జబల్‌పూర్‌లోనే ఉండిపోయింది. పక్క క్వార్టరు ధనరాజ్ దాన్ని చూసుకుంటున్నాడు. అతనికి బదిలీ అయింది, నెలాఖరులోగా తీసుకుపోకపోతే బండి పాత ఇనుము కింద పోతుందన్నాడు. లీలారాణికి డ్రైవింగు రాదు. అయినా ఆ బండి కావాలి. "నానెక్కడున్నానో నీ ఫోన్లో సూసుకో" అని రాబర్టు అందులో ట్రాకర్ పెట్టించాడు. మనిషి పోయినా నీలం చుక్క మాత్రం జబల్‌పూర్‌లో అలాగే ఉంది. పొద్దున లేస్తూనే ఆమె దాన్ని చూసుకుంటుంది.

బండి తెప్పించే పని సత్యానందం గారి మీద పడింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మరదలి ఎదుటే ఫోన్ స్పీకర్లో పెట్టి మొదలెట్టారు.

"పదహారు వేలా? అందులో ఏటేటి కలిసినాయి?"

"ఓపెన్ లారీ సార్. ఇన్సూరెన్సు విడిగా. విశాఖ డిపోకొచ్చి మీరే తీసుకోవాలి."

"దింపుడు కూలి?"

"అదీ విడిగానే సార్."

"అంటే పదహారు కాదు, ఇరవై నాలుగు. మూసిన లారీలో గుమ్మం దాకా ఇరవై ఆరని అవతలోడన్నాడు. మరి నీది సవకేటి?"

ఇంతవరకూ బాగానే ఉండేది. చివర్లో స్పీకరు ఆపి, వరండాలోకి పోయి, గొంతు తగ్గించి ఇంకేదో అడిగేవారు. జవాబు విని "కుదర్దమ్మా" అంటూ వచ్చేవారు. అలా ఎవరితోనూ కుదరలేదు.

"బావగారూ, మీకు బండి కావాలా, బేరం కావాలా?"

"తొందరపడకమ్మా. అన్నీ కలిసినాయనే వోడు దొరకాల."

నెలాఖరు దగ్గరికొచ్చింది. విశాఖలో కళ్ళు చూపించుకుంటానని వెళ్ళిన సత్యానందం గారు జాడ లేకుండా పోయారు. ఏ రీచార్జిలో ఏం కలిసిందో తేలక ఆయన ఫోను కూడా మూగబోయింది. ధనరాజ్ ఫోనెత్తడం లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం లీలారాణి కంచం ముందు కూర్చుని ఫోన్ చూసింది. చుక్క జబల్‌పూర్‌లో లేదు. కాస్త కిందికి జరిగింది. చూస్తుండగానే ఇంకాస్త జరిగింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పెదనాన లారీ మాటాడేసినారేమో" అంది కూతురు షీబా. కానీ మర్నాడు చుక్క కేశ్‌కాల్ ఘాట్‌రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర ఆగింది. సెలవుకి వచ్చినప్పుడల్లా రాబర్టు ఆగే కొట్టు అది. అక్కణ్ణుంచే భార్యకి ఫోన్ చేసేవాడు. లీలారాణి ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. మోగుతుందేమోనని భయం, మోగదేమోనని దిగులు. కాసేపటికి చుక్క మళ్ళీ కదిలింది. బతికుండగా రాబర్టు గాలిలా తోలేవాడు. ఇది శవం బండిలా నడుస్తోంది.

పొరుగింటి లక్ష్మణమ్మ ఫోన్లోకి తొంగిచూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ, సచ్చినోళ్ళకి ఇంటి మీద ద్యాస పోదే. మీ ఆయనే తోలుకొస్తన్నాడు. గుమ్మానికి నిమ్మకాయ కడతానుండు."

బాప్టిస్టు ఇంటికి నిమ్మకాయేమిటని ఇంకో రోజైతే లీలారాణి కసిరేది. ఆ రోజు బైబిలు ఒళ్ళో పెట్టుకుని, "గట్టిగా కట్టు వొదినా" అంది.

మూడో రోజు సుంకి ఘాటులో చుక్క మాయమైంది. లోయలో పడిందో, గాలిలో కలిసిందో తెలీదు. ఇక్కడ మబ్బు పట్టి పగలే చీకటైంది. కరెంటు పోయింది. వీధి కుక్కలు ఎందుకో అరవడం మానేశాయి. వాన మొదలయ్యే వేళకి చుక్క సాలూరులో తేలింది. తర్వాత రామభద్రపురం. తర్వాత బొబ్బిలి. తర్వాత వాళ్ళ వీధి మలుపు.

మలుపులో హారను రెండుసార్లు మోగింది. రాబర్టు అలాగే కొట్టేవాడు.

వానలో బండి మెల్లగా వచ్చి గుమ్మం ముందు ఆగింది. లైట్లు వెలుగుతున్నాయి, వైపర్లు ఆడుతున్నాయి. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. లక్ష్మణమ్మ గుమ్మానికి కట్టిన నిమ్మకాయ తెంపుకుని మరీ గోడ దూకింది. లీలారాణి మాత్రం కదల్లేదు. దెయ్యమైతే ఏం, తన మనిషే కదా అనుకుంది. మెట్లు దిగి వానలోకి వెళ్ళింది.

తలుపు తెరుచుకుంది. ముందు ఒక దిండు, దాని వెనక ఇంకో దిండు, ఆ వెనక సత్యానందం గారు బయటపడ్డారు. రెండు దిళ్ళు వీపుకి దన్ను పెట్టుకున్నా కాళ్ళందక, స్టీరింగు కిందికి జారిపోయి తోలుకొచ్చారు.

"ఇదేటి బావగారూ! సీటు ముందుకి లాక్కోలేదేటి?"

ఆయన నడుం పట్టుకుని నిలబడ్డారు. "లాగితే మరి ఆడు కూకున్నట్టు ఉండదు గదమ్మా."

వరండాలోకి పోయి అడిగిన ప్రశ్న అప్పుడు బయటపడింది. "లోపలున్నవి ఉన్నట్టు తెస్తారా అనడిగినాను. ఒక్కడూ ఒప్పుకోలేదు. సామాన్లు కలవవంట, బండి ఖాళీ సేసి ఇవ్వాలంట. నానే తెస్తానంటే ఈ వయసులో అంత దూరం తోలడం ఎందుకని నువ్వు ఆపీసేదానివి. అందుకే ధనరాజ్‌ని ఫోనెత్తొద్దన్నాను."

"మరి ఆ టీ కొట్టు?"

"ఆడితో ఒకపాలి ఈ దారినే వచ్చినాను. ఆడాగిన సోటే ఆగినాను. నాకింకో సోటు తెలవదు."

"మలుపులో హారను?"

"అదీ కలిసిందే."

లీలారాణి అటు తిరిగి వెళ్ళి, ఎప్పుడూ తను కూర్చునే ఎడమ సీట్లో కూర్చుంది. ముందు రాబర్టు టోపీ, సీసాలో సగం నీళ్ళు, అద్దానికి షీబా చిన్నప్పటి రిబ్బను. తలనూనె వాసన ఇంకా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. షీబా తెచ్చిన గొడుగు కింద సత్యానందం గారు దిళ్ళు తడవకుండా పట్టుకుని నిలబడ్డారు.

ఆమె కళ్ళు తుడుచుకుని దిగి, "రండి బావగారూ, అన్నం తిందురు" అంది.

"అందులో..." అని ఆగిపోయారాయన.

"సేపల పులుసు, అప్పడం, ఇన్నాళ్ళు మీకోసం దాసిపెట్టిన తిట్లు. అన్నీ కలిసే ఉన్నాయి."

"అయితే తిట్లు ముందు వడ్డించీమ్మా" అన్నారు సత్యానందం గారు చెప్పులు విప్పుతూ. "పులుసు ఆకర్న తింటాను."