బదులేం పోయింది?

మా సలోమి అమ్మమ్మకు ఎవరికైనా ఏదైనా కలిసొచ్చిందని చెబితే, సంతోషపడే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది.

"మంచిదే. బదులేం పోయింది?"

ఎదురింటి ఎమిలీ ఆంటీ కారు కొని లడ్డూలు తెచ్చింది. అమ్మమ్మ రెండు లడ్డూలు తీసుకుంటూనే అడిగింది. ఆంటీ బిత్తరపోయి, "ఏం పోలేదాంటీ" అంది. "నడక పోయింది" అని తేల్చేసింది అమ్మమ్మ. ఆరు నెలల తర్వాత ఆంటీ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వస్తే, "చెప్పిన గదా" అనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడం మాత్రం వీధి చివరిదాకా వినబడింది.

మా హదస్సా అక్క పెళ్లిచూపుల్లో అబ్బాయి ఆరడుగులని మధ్యవర్తి గొప్పగా చెప్పాడు. "ఆరడుగులా! బదులేం పోయింది?" అని అమ్మమ్మ అందరి ముందూ అడిగింది. అబ్బాయి చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. పోయింది అక్కడే మరి. పెళ్లి జరిగింది, ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. అయినా బావ ఇప్పటికీ అమ్మమ్మ ఎదురుపడితే టోపీ వెతుక్కుంటాడు.

ఈ ప్రశ్న ఆమెకు జంతుశాస్త్రం ల్యాబులో అంటుకుంది. సికింద్రాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై మూడేళ్లు ల్యాబ్ అటెండరుగా పనిచేసింది. చదివింది పదో తరగతి. చేరిన మొదటి వారంలో ఎవరో లెక్చరరు చీతా బొమ్మ చూపించి, ఇంత వేగం ఊరికే రాలేదమ్మా, ఒళ్లు తేలికైంది కాబట్టి కొట్లాడే బలం పోయింది, వేటాడిన మాంసాన్ని వేరే జంతువు వచ్చి లాక్కుంటే చూస్తూ నిలబడుతుంది అన్నాడట. అంతే. అక్కడి నుంచి చీతానీ, బావనీ ఒకే కళ్లద్దాలతో చూడడం మొదలుపెట్టింది.

ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లలు సీసాలో ఉన్న జీవి పేరు తెలియక నీళ్లు నములుతుంటే, దుమ్ము తుడిచే వంకతో చీటీ ఉన్న వైపు వాళ్లకు తిప్పేదని పాత విద్యార్థులు చెప్పుకుంటారు. అమ్మమ్మ ఒప్పుకోదు. "ముప్పై మూడేండ్లల్ల ఒక్కనికి సుత అందియ్యలే. రూలంటే రూలే."

ఇక నా సంగతి. నా పేరు షెకీనా. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ నన్ను రెండుసార్లు కిందపడేసింది. రెండోసారి ఫలితాలొచ్చిన రోజు మా మెట్టుగూడ ఇంట్లో అమ్మ ఏడ్చింది, నాన్న పేపరు తిరగేసి పట్టుకుని చదివాడు. అమ్మమ్మ ఒక్కతే నా పక్కన కూర్చుంది.

"ఫిజిక్స్ పోయింది, సరే. బదులేం వచ్చింది?"

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కోపంగా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. యూట్యూబ్ చూసి నేను తయారుచేసిన ఆట అందులో ఉంది. ఒక కప్ప గెంతుతుంది, అంతే. అమ్మమ్మ పది నిమిషాలు గెంతించింది. "కప్ప మంచిగనే ఉంది. కానీ గింతసేపు గెంతితే దానికి ఆకలి కాదా?" అంది.

అలా షురూ అయింది మా ఆట. జీవులు పుట్టాలి, తినాలి, పిల్లల్ని పెట్టాలి, తరతరానికీ కొద్దికొద్దిగా మారాలి. ఒక గేముల కంపెనీ కొత్తవాళ్లను పిలుస్తోందనీ, సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆట చూపిస్తే చాలనీ తెలిసింది. నా చదువుకు తలుపు తెరిచే చోటు అదొక్కటే. నాన్న గడువు పెట్టాడు.

"జూన్ ఆఖరు శనివారం ఆల్లకు చూపియ్యి. కాకుంటే ఒకటో తారీఖు నుంచి ప్రిసిల్లా అత్త జిరాక్స్ షాపుల కూసో. ఇంక మాట్లాడేది లేదు."

ప్రిసిల్లా అత్త షాపులో ఫ్యాను కూడా జిరాక్స్ యంత్రం వైపే తిరిగి ఉంటుంది.

నేను మొదట తయారుచేసిన జీవికి రెక్కలు, విషపు కోరలు, నాలుగు కళ్లు, చీకట్లో వెలిగే తోక పెట్టాను. అమ్మమ్మ చాలాసేపు చూసింది.

"ఇది పెండ్లికి పోతున్నదా?"

"కాదమ్మమ్మా, అన్నిటికన్నా బలమైంది."

"రెక్కలకు బదులేం పోయింది?"

"ఏం పోలే."

"విషానికి?"

"ఏం పోలే."

"అన్నీ వచ్చుడే గాని పోవుడు లేదా? గిసొంటిది నేను సీసాల చూడలే, బయట చూడలే. తీసెయ్."

కొంగ విషయంలోనైతే మరీ పరేషాన్ చేసింది. నా ఆటలో కొంగ నిమిషానికి ఆరు చేపలు తింటుందని తెలిసి, మర్నాడు పొద్దున్నే నన్ను కాప్రా చెరువు గట్టుకు లాక్కుపోయి నిలబెట్టింది. కొంగ నలభై నిమిషాలు కదలలేదు. మేమూ కదలలేదు. చివరికి వేలెడంత చేప ఒకటి పట్టింది.

"చూసినవా? నీ కొంగ దావత్‌కు వచ్చినట్టు తింటున్నది. రాసుకో, నలభై నిమిషాలకు ఒకటి."

"అమ్మమ్మా, గంటసేపు కొంగ నిలబడితే ఆటెవరు ఆడతారు?"

"కొంగకు లేని తొందర నీకెందుకే?"

రెక్కలు పోయాయి, కోరలు పోయాయి, వెలుగు పోయింది. మిగిలినవి నాలుగు కాళ్లతో ఆకులు తినే గోధుమరంగు ముద్దలు. నాన్న తెర మీదికి వంగి, "ఏందివి, ఆలుగడ్డలా?" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది. రోజూ పొద్దున్నే ట్యాబ్‌లో వాటిని లెక్కపెట్టి రాయడం అమ్మమ్మ పని.

కానీ ఆలుగడ్డలు నిజంగా బతుకుతున్నాయి. ఎండ ఎక్కువైతే వాటి చెవులు కొన్ని తరాలకు పెద్దవయ్యాయి. నేనేం చేయలేదు, వాటంతటవే. ఆ రోజు నాకు ఒక పరీక్ష, కాగితం మీద కాకుండా నా ఎదురుగానే పాసైనట్టనిపించింది.

ఒక పిల్ల ఆలుగడ్డ వెనక కాలు పొట్టిగా పుట్టింది. దానికి 'చిన్నకాలు' అని పేరు పెడదామన్నాను. అమ్మమ్మ గదిమింది.

"పేర్లు పెట్టకు. పేరు పెడితే చావనియ్యవు. చావాల్సింది చావకుంటే మొత్తం ఆట అబద్ధమయితది."

సరేనన్నాను. మనసులో మాత్రం చిన్నకాలే.

శనివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా లెక్కలు చూశాను. చిన్నకాలు చావలేదు. పరుగెత్తలేదు, ఆకు దగ్గరికి అందరికన్నా ఆఖరున చేరుతుంది, ఎండాకాలంలో మొదటి వారమే పోవాలి. రెండు ఎండాకాలాలు దాటేసింది. అంటే ఎక్కడో తప్పు రాశాను. మా ఆటలో ఏదీ ఊరికే జరగదని చెప్పుకుందామనుకుంటే, ఒక కుంటి ఆలుగడ్డ ఊరికే బతికేస్తోంది. కంపెనీవాళ్లు పట్టుకున్నారంటే జిరాక్స్ షాపే.

రెండు రోజులు ప్రోగ్రాములో ప్రతి వరసా వెతికాను. తప్పు దొరకలేదు. చివరికి ఆకుల చిట్టా తెరిచాను. ఆటలో పడే ప్రతి ఆకూ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నింటికి వచ్చిందో అందులో నమోదవుతుంది. చిన్నకాలు తిన్న ఆకులు చెట్ల మీది నుంచి రాలినవి కావు. పరీక్షించుకోవడానికి నేను పెట్టుకున్న సదుపాయం ఒకటుంది, తెర మీద వేలితో నొక్కితే ఆకు పడుతుంది. రోజూ పొద్దున ఆరున్నరకు, ఆదివారాలు మాత్రం ఆరింటికే, ఎవరిదో వేలు దాని ముందు ఆకు పడేసింది. ఆరున్నరకు నేను నిద్రలో ఉంటాను. ట్యాబ్ తీసుకుని ఆలుగడ్డల్ని లెక్కపెట్టి రాసేది మా ఇంట్లో ఒక్కరే.

టీ తాగుతున్న అమ్మమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మమ్మా, ఆ పొట్టికాలుదానికి తిండి ఎవరు పెడుతున్నరు?"

"నాకేమెరుక? దేవుడు పెడుతున్నడేమో."

"దేవుడు రోజూ ఆరున్నరకే లేస్తడా?"

"లేవడా మరి?"

"ఆదివారం సుత?"

"ఆదివారం ఆరింటికే. చర్చికి తయారుగావాలె గద" అంది అమ్మమ్మ. తర్వాత కప్పు బల్ల మీద పెట్టింది.

రూలంటే రూలే అనే మనిషి! నాకు నవ్వాగలేదు. సీసాలు తిప్పిన పుకారు కూడా నిజమేనని అర్థమైపోయింది.

"దాన్ని తీసెయ్ బిడ్డా" అంది, కప్పు కడుగుతూ, నా వైపు తిరగకుండా. "తప్పు తప్పే. నీ శనివారం ఖరాబు కావద్దు."

తీసేయడం ఒక్క నొక్కు పని. వేలు దగ్గరికి పెట్టి, నొక్కకుండా వెనక్కి తీసుకున్నాను.

"అమ్మమ్మా, నిజం జంతువులల్ల గిట్ల ఎవరూ తినిపియ్యరా? పెద్దవి, పిల్లలు పెట్టుడు అయిపోయినవి?"

అమ్మమ్మ కుళాయి కట్టేసింది. "ఉన్నయ్. సముద్రంల కొన్ని తిమింగలాలున్నయ్. ఈనుడు ఆగినంక సుత ముసల్ది ఏండ్లకేండ్లు బతుకుతది. అది పట్టిన చేప పిల్లలకు పెడ్తది. ముసల్ది పోతే పిల్లలు సుత తొందరగ పోతయట. ఇంక మనుషులల్లనయితే..."

"మనుషులల్ల?"

"మనుషులల్ల ముసలోళ్లు పొద్దున్నే లేసి ఆలుగడ్డలకు ఆకులేస్తరు."

నా ఆటలో పిల్లలు పెట్టడం ఆగిన జీవి వెంటనే చచ్చిపోతుంది. జీవులు ఎక్కువైతే ఫోన్ నెమ్మదిస్తుందని అలా రాసుకున్నాను. ఆ వరస తీసేశాను. ముసలిది బతుకుతుంది, పక్కన ఆకలితో ఉన్న పిల్లకు తన ఆకు ఇస్తుంది.

"బదులేం పోవాలె?" అన్నాను నేనే.

"దాని కడుపు. ఇచ్చినంత తనకు తక్కువ" అంది అమ్మమ్మ.

మొదటిసారి నడిపితే ముసలివి ఎక్కువైపోయి చెట్లన్నీ ఖాళీ చేశాయి. "కాపలాకు పెడితే చేనే మేసినయ్" అని అమ్మమ్మ వాటిని తిట్టి, వాటి తిండి ఇంకా తగ్గించమంది. శుక్రవారం పొద్దున్నించి సాయంత్రం దాకా వేలు తగలకుండా ఆట నడిచింది. మూడు కరువులు దాటాయి. ముసలివి లేని గుంపు రెండో కరువులో తుడిచిపెట్టుకుపోయింది. ఉన్న గుంపు బతికింది. అందులో చిన్నకాలు కూడా ఉంది.

శనివారం కంపెనీలో హరికిషన్ అనే ఆయన మా ఆట చూశారు. తోడుగా అమ్మమ్మ వచ్చింది. ఆయన తెర మీద ఒకదాన్ని చూపించి, "ఇది పిల్లల్ని పెట్టదు కదా, తిండి దండగ. ఎందుకుంచావమ్మా?" అన్నారు.

"ఎండ పెంచి చూడండి సార్."

పెంచారు. చెరువు ఎండింది. ఆలుగడ్డలన్నీ ఆకుల కోసం చెదిరిపోయాయి. ముసలిది మెల్లగా నడిచొచ్చి, నోట్లోని ఆకును పొట్టికాలు పిల్ల ముందు పెట్టింది. హరికిషన్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఇట్లా చేయమని నువ్వు రాశావా?"

"ఇయ్యొచ్చని రాసిన సార్. ఎవరికియ్యాలె, ఎవరు బతకాలె అని రాయలే."

ఇంకో గంట ప్రశ్నలడిగి, "ఒకటో తారీఖు నుంచి రా" అన్నారు. నా నోరు తెరుచుకునేలోపే అమ్మమ్మ ముందుకు వంగింది.

"మంచిదే సార్. బదులేం పోతది?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "నిద్రమ్మా. ఆరు నెలల దాకా."

"నిజం చెప్పిండు. చేరు" అంది నాతో.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి అడిగాను. "ఇన్ని నెలలు నాతోటి కూసున్నవు. నీకు బదులేం పోయిందమ్మమ్మా?"

"సీరియల్ పోయింది. ఆ చిన్నకోడల్ని బావిల తోసిన్రు. సచ్చిందో బతికిందో ఇప్పటిదాంక తెల్వది."

నేను ట్యాబ్ తెరిచి ముసలి ఆలుగడ్డ మీద వేలు పెట్టాను. దాని నెత్తిన చిన్న అక్షరాలు వెలిగాయి. అమ్మమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. సలోమి.

"ఏమే! పేర్లు పెట్టద్దన్ననా లేదా? పేరు పెడితే చావనియ్యవని చెప్పలే?"

"చెప్పినవు. అందుకే పెట్టిన."

ట్యాబ్ నా చేతిలోంచి లాక్కుని, మెట్టుగూడ వచ్చేదాకా ఇవ్వలేదు. వేలు మాత్రం తెరకు తగలనివ్వకుండా పట్టుకుంది.