బోర్డు దించిన సోమవారం

మొన్న మా వీధి చివర బడి పక్కగా వస్తుంటే చిక్కుడాకు పసరు, బొగ్గుపొడి కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆడపిల్లలిద్దరు నల్లబోర్డును రుద్దుతున్నారు. ఈ పద్ధతి ఇంకా ఉందా అని ఆశ్చర్యపోయి, గేటు పట్టుకుని నిలబడిపోయాను. నాకు ఆ వాసన అంటే అలమేలమ్మగారే.

పందొమ్మిది వందల నలభైల్లో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, పూతలపట్టు ఆడపిల్లల బడిలో ఆవిడ పెద్ద టీచరు, నేను చిన్న టీచరు. మూడో టీచరు లేదు. ఆవిడది తిరుపతిలో స్వామి కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు, నాది కార్వేటినగరంలో క్రైస్తవుల ఇల్లు. అప్పటికే ఆవిడకు యాభై దాటాయి. రోజూ పొద్దున్నే బోర్డు పై అంచుకు ఒక వేలి మందం కింద తేదీ వేసేవారు. అంతకన్నా కిందికి వస్తే చోటు దండగ అనేవారు. నేను వేస్తే ఎప్పుడూ వంకరే.

నేను చేరకముందు ఆవిడకు మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, పాఠం మధ్యలో నిద్ర ముంచుకొచ్చేదట. చిత్తూరు డాక్టరమ్మ చూసి, మెడలో థైరాయిడ్ గ్రంథి మందగించిందని రోజుకొక మాత్ర ఇచ్చింది. గొర్రె మెడలోని అదే గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్ర. ఉల్లిపాయ కూడా ముట్టని ఇంటి మనిషి! నేను నోరు తెరిచి చూస్తుంటే నవ్వేశారు.

"ఏందమ్మా అట్ల సూస్తావు? మింగేది పిల్లోళ్ళ సదువు కోసరం. స్వామికి నేను సెప్పుకుంటాలే."

నేను చేరిన రెండో ఏట ఆరుగురు పిల్లలు ఎనిమిదో తరగతి పరీక్షకు కూర్చోవాలి. మా బడి నుంచి అంతవరకు ఒక్కరూ వెళ్ళలేదు. ఈసారి కూడా వెళ్ళకపోతే పై తరగతులు ఎత్తేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. ఒక్క మాత్రతో వచ్చిన ఓపిక చాలదని ఆవిడ ఎవరినీ అడక్కుండా రెండు, తర్వాత మూడు మింగడం మొదలుపెట్టారు. ఆ సంగతి నాకు తెలియదు. చేతిలో సుద్దముక్క వణకడం, చలికాలంలో చెమటలు పట్టడం, మనిషి చిక్కిపోవడం మాత్రం చూశాను. నడుము నొప్పి ఏమిటండీ అంటే, పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచే బస్సు కుదుపులని కొట్టిపారేశారు.

తేదీ మాత్రం నెమ్మదిగా కిందికి జారింది. అంచుకు నాలుగు వేళ్ళ ఎడం వచ్చింది. ఆవిడ మడమలెత్తి తంటాలు పడుతుంటే చూడలేక, ఒక ఆదివారం వడ్రంగిని పిలిపించి బోర్డును నాలుగు వేళ్ళు కిందికి దింపించాను. పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. తలుచుకుంటే నా తెలివికి నాకే సిగ్గేస్తుంది.

సోమవారం ఆవిడ తేదీ వేసి, నావైపు తిరిగారు.

"బోర్డు దించినావా?"

"అవునండీ. మీకు అందడం లేదని..."

"నిరుడు అందినాది గదా?"

ఆవిడ గుమ్మం దగ్గరికి నడిచారు. పిల్లలు తమ ఎత్తులు బొగ్గుతో గీసుకునే గుమ్మం అది. రెండేళ్ళ కిందట వాళ్ళు పట్టుబట్టి ఆవిడ గీత కూడా గీశారు. దానికి వీపు ఆనించి, "సూడు, యాడుండాదో," అన్నారు. తలకూ గీతకూ మధ్య నా మూడు వేళ్ళు పట్టాయి. ఆవిడ ఏడవలేదు.

"దిగింది బోర్డు గాదు, నేను. రేపు చిత్తూరికి పోదాం."

డాక్టరమ్మ నాడి చూసి, వెన్నుపూసలు ఒక్కొక్కటే నొక్కి, ఎన్ని మాత్రలు మింగుతున్నావని అడిగింది. అలమేలమ్మగారు మూడు వేళ్ళు చూపించారు. డాక్టరమ్మకు కోపం ఆగలేదు.

"నెలసరి ఆగిపోయినాక ఎముకల్లో బలం ఎట్లాగూ తగ్గతా వస్తాది. దానిపైన ఈ మందు ఎక్కువైతే ఒళ్ళంతా పరుగు పెడతాది, ఎముకల్లో ఉండే సున్నం బయటికి పోతాది. వెన్నుపూసలు అణిగినాయి, అందుకే పొట్టి అయినావు."

"మానేస్తే?"

"మళ్ళా మొద్దునిద్ర. రోజుకు ఒకటి, అంతే. ఇట్లే మింగితే ఈసారి తుంటి ఎముకే ఇరగతాది."

"తగ్గిన ఎత్తు?"

"రాదమ్మా."

ఆవిడ చీర కొంగు సర్దుకుని లేచారు. "సరే. ఉండే ఎత్తుతోనే సదివిస్తా."

మర్నాడు బడికి రాగానే బోర్డు పైకెత్తించమన్నారు. మీకు అందదు కదండీ అన్నాను. "నాకెందుకు? పిల్లోళ్ళు పెరగతా ఉండారు," అన్నారు. తేదీ వేసే పని ఆరుగురికీ వంతులు వేశారు. రోజుకొక్క మాత్రతో ఆవిడ ఓపిక సగమైంది. కుర్చీలో కూర్చునే పాఠం చెప్పారు. "నేను కునికితే లేపండి. మీరు సిగ్గుపడొద్దండి, నేనూ పడను," అని మొదటి రోజే చెప్పేశారు. పిల్లలు నిజంగానే లేపేవారు, ఆవిడ ఆగిన వాక్యం దగ్గరే మళ్ళీ అందుకునేవారు. మూడు నెలలు అలాగే నడిచింది. పరీక్షలో ఐదుగురు గట్టెక్కారు, ఆరో పిల్లను మరుసటి ఏడు గట్టెక్కించారు. పై తరగతులు నిలిచాయి.

నాకిప్పుడు డెబ్బై. ఆవిడంటే ఇప్పటికీ ప్రేమ, కొంచెం భయం. థైరాయిడ్ మాత్ర నేనూ మింగుతున్నాను, డాక్టరు చెప్పినంతే. ఏటా పుట్టినరోజున వంటింటి గుమ్మానికి ఆనుకుని కోడలి చేత బొగ్గుతో గీత గీయించుకుంటాను. తను నవ్వుతూనే గీస్తుంది. ఈ ఏడు ఆ గీత ఒక వేలి మందం కిందికి వచ్చింది.

"అత్తా, ఉప్పుజాడీ పెట్టే అరను కొంచెం కిందికి దించమంటావా?" అని అడిగింది, ప్రేమగానే.

"అరను ముట్టుకోవద్దు మే," అన్నాను. "ముందు ఆస్పత్రికి పోదాం పద."